మాఘం నాటి నీటిపక్షులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కార్తీకంలో ఉత్తరాది నుంచి మన చెరువుల్లో దిగిన బాతులూ, బురదలో ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకులూ మూటాముల్లే సర్దుకునే రోజులు కూడా అవే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఆఖరి వారాల్లో పక్షుల్ని ఎలా చూడాలన్న దాని గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులు రాస్తున్నాం.

ప్రశ్న: నీటిపక్షుల్ని చూడాలంటే సంక్రాంతి లోపే వెళ్ళాలంటున్నారు. మాకు ఫిబ్రవరి మూడో వారంలో గాని వీలు కాదు. ఆలస్యమైనట్టేనా? ఒక్క రోజే ఉంటే కొల్లేరు మేలా, కాకినాడ మేలా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

ఆలస్యమేమీ కాలేదు. కొత్తగా చూడ్డం మొదలుపెట్టేవాళ్ళకి సంక్రాంతి కన్నా ఇదే అనువైన కాలం. వలస బాతులు ఇక్కడ దిగేటప్పటికి మగవాటి ఒంటి మీద కూడా ఆడవాటిలాంటి మట్టిరంగు ఈకలే ఉంటాయి. పుష్యం దాటేసరికి సూదితోక బాతు మెడమీద తెల్లచార తేలుతుంది, పారముక్కు బాతు షావలర్ తల ముదురాకుపచ్చకి తిరుగుతుంది. అన్నిటికన్నా వెనకబడేది గార్గనీ అనే చిన్నబాతు. మగ గార్గనీ కంటిపైన వంగిన తెల్లటి నెలవంక చాలావాటికి ఫిబ్రవరిలో గాని స్పష్టంగా కనిపించదు. పొడుగుముక్కు ఉల్లంకులైన నల్లతోక గాడ్విట్ల మెడ కింద ఇటుకరంగు మొదలవుతుంది, గోధుమతల గల్‌కి ఆ పేరు తెచ్చిన గోధుమరంగు ముసుగు పడుతుంది. అదీగాక నీళ్ళు తగ్గుతూ వస్తాయి కాబట్టి ఊరంతా చెదిరిన పక్షులు ఉన్న నాలుగు మడుగుల్లోకే చేరతాయి.

ఒక్క రోజులో రెండు చోట్లూ పెట్టుకోకండి, దారిలోనే పొద్దంతా పోతుంది. బాతులు, గూడబాతులు (పెలికన్లు), కొంగలు చూడాలంటే కొల్లేరు. ఉల్లంకులు, గల్‌లు, టెర్న్‌లు లాంటి తీరపక్షులు చూడాలంటే కాకినాడ తీరం.

కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచస్థాయి చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. అక్కడ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సులువైన చోటు కైకలూరును ఆనుకుని ఉన్న ఆటపాక. గుడివాడ, భీమవరం మధ్య రైలు దారిలోనే కైకలూరు స్టేషనుంది. ఆటపాక చెరువులో చెట్లమీదా, అటవీశాఖ పాతిన ఇనుప మంచెల మీదా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. ఫిబ్రవరిలో చాలా గూళ్ళలో ఎదిగిన పిల్లలుంటాయి. పడవవాణ్ణి ఇంకా దగ్గరికి పోనిమ్మని అడక్కండి. పెద్దపక్షి లేస్తే గూట్లో పిల్లకి నీడ పోతుంది, పైన కాకులు కాచుకుని ఉంటాయి. తల్లిపక్షి కూర్చున్నది లేవకుండా మీరు చూడగలిగినంత దూరమే సరైన దూరం. పొద్దున్న తొమ్మిదిలోపు ఆటపాక ముగించుకుని, తర్వాత ఆకివీడు వైపు చేపల చెరువుల దారుల వెంట నెమ్మదిగా వెళితే మిగతా పక్షులు దొరుకుతాయి.

ఈ గూడబాతులకీ గోదావరి జిల్లాకీ పాత చుట్టరికం ఉంది. పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్లమీద గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకుని ఉండడం 1946లో పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కంటపడింది. ఆయన రాసిన వ్యాసంతో ఆ ఊరు దేశమంతటా పక్షిశాస్త్రజ్ఞులకి తెలిసింది. తర్వాతి కాలంలో పక్షులు ఆ ఊరు విడిచిపోయాయి. ఇవాళ ఆటపాకలో ఇనుప మంచెల మీద కనిపించే గూళ్ళని ఆ సంగతి తెలిసి చూస్తే ఇంకో రకంగా కనిపిస్తాయి.

అంతర్వేది వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: భీష్మ ఏకాదశి రోజుల్లో కల్యాణం, తీర్థం ఉంటాయి. ఆ నాలుగైదు రోజులు వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుక మీద పక్షి నిలవదు. తీర్థానికి తీర్థం, పక్షులకి పక్షులు వేరువేరుగా పెట్టుకోండి.

ప్రశ్న: కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాం. ఒకసారి పక్షులు ఎక్కడో చుక్కల్లా ఉన్నాయి. ఇంకోసారి అంతా నీళ్ళే, ఒక్క పిట్ట లేదు. పొద్దున్న ఆరింటికే వెళ్ళినా ఇలా ఎందుకైంది? (పిఠాపురం నుంచి ఒక పాఠకురాలు)

మీరు గడియారం చూసి వెళ్ళారు. ఆ పక్షులు చూసేది సముద్రపు నీరు ఎక్కే పోటునీ, దిగే పాటునీ. మొదటిసారి మీరు వెళ్ళింది పూర్తి పాటులో, రెండోసారి పూర్తి పోటులో. రెంటికీ మధ్య రెండు గంటలే చూడ్డానికి పనికొచ్చేవి.

హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ సముద్రానికి అడ్డంగా పడుకుని ఉండడం వల్ల కాకినాడ లోపలి ఖాతం నిమ్మళంగా ఉంటుంది. నిలకడ నీళ్ళలో గోదావరి తెచ్చిన ఒండ్రు దిగి, చదునైన బురదమేట ఏర్పడింది. మేట వాలు చాలా తక్కువ కాబట్టి నీరు కాస్త దిగితేనే చాలా దూరం బురద బయటపడుతుంది. పక్షులు నీటి అంచు వెంట, మెత్తటి బురదలో పురుగుల కోసం పొడుస్తూ లోపలికి పోతాయి. అప్పుడు గట్టున నిలబడితే చుక్కలే కనిపిస్తాయి. పోటు ఎక్కే కొద్దీ నీరే వాటిని మీ వైపు తోసుకొస్తుంది. పొట్టికాళ్ళ స్టింట్‌లు, ప్లోవర్‌లు ముందు జరుగుతాయి, పొడుగుకాళ్ళ గాడ్విట్లు, కర్లూలు మోకాటి లోతు వరకూ ఆగుతాయి. బురద పూర్తిగా మునిగాక అన్నీ లేచి, ఎత్తుగా పొడిగా ఉన్న ఇసుక దిబ్బలకో ఉప్పుమడులకో పోయి పడుకుంటాయి.

కాబట్టి పోటు నిండే వేళకి రెండున్నర గంటల ముందు చేరి, ఒకచోట కూర్చోండి. ఒక పోటుకీ మరో పోటుకీ పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే ఇవాళ నాలుగింటికి నిండితే రేపు సుమారు నాలుగూ యాభైకి నిండుతుంది. తిథితో పాటే సాగుతుంది కాబట్టి పదిహేను రోజులకి మళ్ళీ దాదాపు అదే వేళకొస్తుంది. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులూ పోటు పెద్దది, నీరు వేగంగా వస్తుంది. అష్టమి ప్రాంతంలో పోటు చిన్నది, కొన్ని చోట్ల మేట పూర్తిగా మునగనే మునగదు, పక్షులు చెదిరే ఉంటాయి. కాకినాడ రేవుకి పోటు వేళల పట్టిక ఫోన్లోనే దొరుకుతుంది. అది రేవుకి వర్తించే వేళ. కాల్వల్లోకి, మడ అడవి లోపలికి నీరు చేరేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వలకి వెళ్ళేవాళ్ళని అడిగితే ఆ తేడా చోటుని బట్టి చెప్తారు.

రెండో పొరపాటు వెలుగు. మన తీరం తూర్పు ముఖం. పొద్దున్నపూట సూర్యుడు పక్షుల వెనక నుంచి మీ కళ్ళలోకి కొడతాడు. రంగు కనిపించదు, నల్లటి ఆకారాలే. ఉల్లంకుల్లో ఒకదాన్నించి ఇంకోదాన్ని వేరు చేసేది కాళ్ళ రంగు, వీపు మీది అంచులు, ముక్కు వంపు. ఎదురెండలో ఇవేవీ తేలవు. పోటు సాయంత్రం నాలుగున్నర, అయిదుకి నిండే రోజు చూసుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పక్షులు మీ వైపుకొస్తుంటాయి. ఫిబ్రవరి మధ్యలో ఆరింటికి అటూ ఇటూగా పొద్దుగూకుతుంది కాబట్టి వెలుగు సరిగ్గా సరిపోతుంది.

కూర్చున్నాక కదలకండి. అరగంటలో మీరు గట్టులో భాగమైపోతారు. పక్షులు మేత ఆపి మెడలెత్తి అన్నీ ఒకవైపే చూస్తున్నాయంటే మీరు హద్దు దాటినట్టు. అవి లేవకముందే రెండడుగులు వెనక్కి వేయండి. మార్చి, ఏప్రిల్‌లలో వేల కిలోమీటర్లు ఎగరడానికి కావలసిన కొవ్వు ఇప్పుడే ఒంట్లో చేరాలి. ఫొటో కోసం ఒక గుంపుని లేపితే ఆ పోటుకి వాటికి దొరికే తిండి కొంత పోయినట్టే. డ్రోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దాన్ని అవి గద్ద కిందే లెక్కేస్తాయి.

ఈ మేట మీద ఓపిగ్గా వెతకాల్సినవి రెండు. ఒకటి గ్రేట్ నాట్, గుంపులో మిగతావాటికన్నా లావుగా, బూడిదరంగు వీపుతో ఉంటుంది. రెండోది ఇండియన్ స్కిమ్మర్. నారింజ ముక్కు, అందులో కింది దవడ పైదానికన్నా పొడుగు. నీటి మీద తేలిపోతూ కింది దవడతో నీళ్ళని కత్తిరించినట్టు గీసుకుంటూ పోతుంది. రెండూ ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులు.

ప్రశ్న: బైనాక్యులర్ కొన్నాను. 10×50. చూస్తే తలనొప్పి వస్తోంది, ఒక్కోసారి రెండు బొమ్మలు కనిపిస్తున్నాయి. లోపం నాదా, దానిదా? (అమలాపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

ముందు మీ కళ్ళకి దాన్ని సర్దారో లేదో చూడండి. రెండు గొట్టాల్నీ దగ్గరికీ దూరానికీ వంచి, రెండు వలయాలు కలిసి ఒక్క వలయం అయ్యేచోట ఆపండి. కళ్ళజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు గిన్నెల్ని లోపలికి తిప్పండి, లేకపోతే బయటికి లాగండి. ఇప్పుడు దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది నంబరు లాంటిది ఎంచుకుని, కుడి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ గొట్టం మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరున్న వలయాన్ని మాత్రం తిప్పి అదే నంబరు స్పష్టం చేయండి. ఆ వలయం ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. అది మీ కంటి కొలత, ఇక మారదు. చాలామంది తలనొప్పి ఇక్కడితో పోతుంది.

ఇదంతా చేశాక కూడా దూరపు కరెంటు తీగ రెండుగా కనిపిస్తే లోపలి పట్టకం పక్కకి జరిగిందన్నమాట. కిందపడితే అలా అవుతుంది. ఇంట్లో విప్పకండి. మంచి రకాల్లో తేమ చేరకుండా నైట్రోజన్ నింపి మూస్తారు, విప్పితే ఆ రక్షణ పోతుంది. గ్యారంటీ ఉండగానే మార్పించుకోండి.

మళ్ళీ కొనేటట్లయితే మా ఓటు 8×42కి. పదిరెట్లు పెంచేది చేతి వణుకుని కూడా పదిరెట్లు పెంచుతుంది, పడవలో అయితే మరీను. ముందు గాజు వెడల్పుని పెంచే రెట్లతో భాగిస్తే కంట్లోకొచ్చే వెలుగు చుక్క కొలత వస్తుంది: 8×42కి అయిదుంపావు మిల్లీమీటర్లు, 10×50కి అయిదు. వెలుగులో తేడా లేదు, బరువులో మాత్రం బాగా ఉంది. బురదమేట మీద ఉల్లంకులకి ఏ బైనాక్యులరూ పూర్తిగా చాలదు. ఇరవై నుంచి అరవై రెట్ల స్కోపు, గట్టి ట్రైపాడ్ కావాలి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. స్కోపున్నా అరవై రెట్లకి పోకండి, ఎండెక్కాక బురద మీద గాలి మరిగే నీళ్ళలా ఆడుతుంది, పెంచే కొద్దీ ఆ ఆటే పెద్దదవుతుంది. ఇరవై అయిదు, ముప్పై దగ్గరే బొమ్మ నిలకడగా ఉంటుంది.

ఉప్పుగాలికి పోయొచ్చాక గాజుని చొక్కా అంచుతో తుడవకండి. ఉప్పు పలుకులు పైపూతని గీరేస్తాయి. ముందు ఊదుబుడ్డితో దుమ్ము పోగొట్టి, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. మన కోనసీమ తేమకి వానాకాలంలో గాజు లోపల బూజు సాలెగూడులా పాకిందంటే ఇక పోదు.

ప్రశ్న: మగబాతుల్ని పుస్తకం చూసి పోల్చగలుగుతున్నాం. ఆడబాతులన్నీ ఒకేలా ఉన్నాయి. ఏదైనా సులువు చెప్పండి. (భీమవరం నుంచి కళాశాల విద్యార్థులు)

రంగు వదిలేసి ముక్కుతో మొదలుపెట్టండి. తల కన్నా పొడుగ్గా, చివర పారలా వెడల్పైన ముక్కు ఉంటే అది షావలర్, ఇంకేమీ చూడనక్కర్లేదు. దాని మేతని కాసేపు గమనించండి. ముక్కు సగం నీళ్ళలో ముంచి, మెడ ముందుకు చాపి, నాలుగైదు పక్షులు ఒకదాని వెనక ఒకటి గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతాయి. ఆ సుడికి అడుగునున్న నలుసులు పైకొస్తాయి. ముక్కు అంచున దువ్వెన పళ్ళలాంటివి నీళ్ళని బయటికి వదిలి తిండిని ఆపుతాయి.

సన్నటి పొడుగు మెడ, కొసదేలిన తోక, బూడిదరంగు ముక్కు, గీతలు లేని ముఖం ఉంటే ఆడ సూదితోక. గుండ్రటి తల, పొట్టి నీలిబూడిద ముక్కు, గట్టుమీదికొచ్చి గడ్డి మేసే అలవాటు ఉంటే విజియన్. ముక్కు అంచులు నారింజరంగులో ఉండి, ఎగిరినప్పుడు రెక్క వెనక తెల్లటి చిన్న చదరం మెరిస్తే గాడ్వాల్. చిన్నవి రెండు మిగులుతాయి, ఎక్కువమంది తికమకపడేది వీటి దగ్గరే. ముఖం మీద కంటిపైనా కిందా చారలుండి, ముక్కు మొదట్లో తెల్లచుక్క ఉంటే గార్గనీ. ముఖం సాదాగా ఉండి, తోక పక్కన లేతరంగు గీత ఉంటే కామన్ టీల్.

మధ్యాహ్నం వెళితే వీటిల్లో సగం తల రెక్కలో దూర్చి నిద్రపోతుంటాయి. చాలా బాతులు రాత్రిపూటే మేస్తాయి, పొద్దున్న ఏడు లోపలా సాయంత్రం అయిదు తర్వాతా ముఖాలు కనిపిస్తాయి. ఎర్ర చిలువలు వలస కాదు, మన ఊరివే. గట్టున మెడ నిటారుగా పెట్టి నిలబడి, లేచేటప్పుడు ఈలలేస్తూ పోతాయి. ఇక నీళ్ళ మీద పరుగుతీసి గాని లేవలేకపోతే అది పోచార్డ్ లాంటి మునిగే బాతో, నల్లటి ఒళ్ళు, తెల్లటి నుదురు ఉన్న బొల్లికోడో. షావలర్, గార్గనీ లాంటివి ఉన్నచోటినుంచే నిట్టనిలువుగా లేస్తాయి.

ప్రశ్న: కోరింగ మడ అడవిలో చెక్కదారి దిగి లోపలికి నడవచ్చా? (తాళ్ళరేవు)

వద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా దిగకూడదన్నది ఒకటి. 1978 నుంచి అది రక్షిత ప్రాంతం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరివేళ్ళు తొక్కితే విరుగుతాయన్నది రెండోది. మూడోది మీ కళ్ళకి సంబంధించింది: కొమ్మ పక్కకి వంచేటప్పుడు అది తిల్ల చెట్టైతే విరిగినచోట తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ముప్పు, చర్మం మీద పొక్కులొస్తాయి. పొరపాటున పడితే నలపకుండా మంచినీళ్ళతో ధారగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చెక్కదారి మీదే నిలబడి కాల్వ అంచు కొమ్మల్ని చూస్తుంటే నల్లటోపీ లకుముకి పిట్ట అక్కడే దొరుకుతుంది. నల్లతల, ఊదానీలం వీపు, ఎర్రముక్కు. మన ఊరి చెరువుగట్టు మీద ఇది కనిపించడం అరుదు.

ప్రశ్న: ఒకే చెరువులో బొల్లికోళ్ళు మూడువేలని మేం రాశాం, మా మిత్రులు ఆరువేలని రాశారు. లెక్క ఎలా కట్టాలి? (ఏలూరు)

గుంపు ఓ చివర పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో కళ్ళలో పెట్టుకోండి. అలాంటివి అయిదు కలిపి యాభై చేయండి. ఇప్పుడు ఆ యాభై ముక్కతో గుంపుని ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. అంచున పలచగా, నడుమ ఒత్తుగా ఉంటాయి కాబట్టి నడుమకి వచ్చాక మళ్ళీ పది లెక్కపెట్టి కొత్త ముక్క తయారుచేసుకోవాలి. అంచు కొలతనే గుంపంతా వాడితే లెక్క సగానికి పడిపోతుంది. మీ మూడువేలు అలా వచ్చి ఉండొచ్చు. తర్వాత ఎదుటి చివర నుంచి ఇంకోసారి కొలిచి రెండూ పోల్చండి. బొల్లికోళ్ళు నాచు కోసం మునుగుతాయి, ఏ క్షణానైనా కొన్ని నీటికింద ఉంటాయి. చిత్తడి గద్ద పైన తిరిగితే అన్నీ ముద్దగా దగ్గరికి చేరతాయి, అది పోయి మళ్ళీ విడివడే దాకా ఆగండి.

ఇంట్లోనే సాధన చేయొచ్చు. పళ్ళెంలో గుప్పెడు పెసలు జల్లి, అయిదు సెకన్లు చూసి అంచనా రాసి, తర్వాత లెక్కపెట్టండి. మొదట్లో అందరూ తక్కువే అంటారు. వారంలో చెయ్యి తిరుగుతుంది.

లెక్కతో పాటు వేళ, నీటి మట్టం కూడా రాయండి. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన జనవరిలో జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పక్షుల గణన ఉంటుంది. పక్షుల లెక్కల వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఏ రోజైనా నమోదు చేయొచ్చు. తోచిన పెద్ద సంఖ్య రాయడం కన్నా లెక్కపెట్టిన చిన్న సంఖ్య విలువైనది.

ప్రశ్న: మా చేపల చెరువు పట్టుబడి అయ్యాక నీళ్ళు తోడేస్తే పక్షులు విపరీతంగా వాలతాయి. ఫొటోల కోసం జనం కార్లలో గట్లెక్కుతున్నారు. వాళ్ళకి నాలుగు మాటలు చెప్పండి. (గణపవరం నుంచి ఒక రైతు)

తప్పకుండా. చూడవచ్చేవాళ్ళు ముందు రైతుని అడగాలి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. కారు రోడ్డు మీదే ఆపి నడవాలి, తడి గట్టు చక్రానికి కుంగితే దాన్ని పూడ్చుకోవాల్సింది రైతే. పక్కనున్నది రొయ్యల చెరువైతే ఇంకా జాగ్రత్త. ఒక చెరువు బురద అంటిన కాలితో ఇంకో చెరువు గట్టెక్కితే తెగులు పాకొచ్చు. గేటు దగ్గర బ్లీచింగు నీళ్ళ తొట్టి పెట్టింది అందుకే, చెప్పులతో సహా అందులో దిగి రావాలి.

తోడిన చెరువులో ఏ రోజు ఏ పక్షి వస్తుందో తెలిస్తే రోజూ రానక్కర్లేదు. నీరు మోకాటి లోతుకి దిగిన మొదటి రెండు రోజులు మిగిలిన చిల్లర చేపల కోసం గూడబాతులు, నీటికాకులు, కొంగలు. జానెడు నీళ్ళలో ఎర్రకాళ్ళ కొంగ నోరు తెరిచి ముక్కు ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. చేప తగలగానే మూసేస్తుంది, కంటితో వెతకదు. తెడ్డుమూతి కొంగదీ అదే పద్ధతి. నత్తగుల్ల కొంగలు, కంకణాలు ఆ వెంటే దిగుతాయి. నీరంతా పోయి బురద మెరుస్తున్న మూడు నాలుగు రోజులు ఉల్లంకులవి. గార్గనీలూ గాడ్విట్లూ మిగిలిన గుంటల్లో ఉంటాయి. బురద పైన తోలు కట్టి పగుళ్ళిచ్చాక పురుగు అందదు, ముక్కు దిగదు, తీతువులు తప్ప అన్నీ వెళ్ళిపోతాయి.

మీకూ ఒక విన్నపం. చెరువుపైన పక్షుల కోసం కట్టే సన్నటి నైలాన్ వల గాలికి వదులై వేలాడితే పక్షులు చుట్టుకుని చస్తాయి. అది మీకూ నష్టమే, కుళ్ళింది నీళ్ళలో పడుతుంది. బిగించి కట్టండి, లేదా వెడల్పు మెరుపు రిబ్బన్లు కట్టండి. కంటికి ఆనేది ఏదైనా పక్షి తప్పించుకుంటుంది, ఆననిదే దాన్ని చంపుతుంది.

ప్రశ్న: కాలికి లోహపు ఉంగరం ఉన్న పక్షి చచ్చి కనిపించింది. ఏం చేయాలి? (యానాం)

ఉత్త చేత్తో ముట్టకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుందిగా. ఉంగరం మీది అక్షరాలు, అంకెలు చదవగలిగేలా ఫోనుతో దగ్గరగా ఫొటో తీయండి. కాళ్ళకి రంగు ప్లాస్టిక్ పట్టీలుంటే ఏ కాలికి, మోకాటి పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు అన్నది రాసుకోండి. ఆ వరుసే అది ఏ దేశంలో కట్టిందో చెప్తుంది. చోటు, తేదీ జతచేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. దగ్గర్లోనే రెండో మూడో పక్షులు చచ్చి ఉంటే ముందు పశువైద్యశాఖకీ అటవీశాఖకీ చెప్పి, పిల్లల్నీ కుక్కల్నీ ఆ గట్టు మీదికి రానీకండి.